వేడి పాకంలో కలిపిన నల్లపొడి

కిందటి నెల కొత్తగా చేరిన వ్యవసాయాధికారుల శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. శాలువా కప్పి, "సార్, మీ సర్వీసులో నాలుగు విజయగాథలు చెప్పండి" అన్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు, ఉప్మా పెట్టారు. విజయనగరం బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను. ఆ నాలుగింటిలో అబద్ధమేం లేదు. కాని ముప్ఫై రెండేళ్లు చేసి నేను నేర్చుకున్నది వాటిలో ఒక్క ముక్క కూడా లేదు.

నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చదివితే చదవండి, లేకపోతే లేదు. ఎవరెప్పుడు ప్రమోషన్ కొట్టేశారో, నన్ను ఎక్కడెక్కడికి విసిరేశారో ఇందులో ఉండదు. అవి తలుచుకుంటే నాకే విసుగు, మీకెందుకు? ఒకావిడ చేను గురించి రాస్తాను. ఆ చేను ఎవరి వల్ల పోయిందో ఖచ్చితంగా చెప్పలేను. ఆవిడ పేరు మాత్రం నా వల్లే పోయింది.

పని ఏమిటంటే

మాది శ్రీకూర్మం. మా నాన్నగారు గుడిలో నాదస్వరం వాయించేవారు. మా ఇంట్లో నాగలి పట్టినవాడు లేడు. సీటు వచ్చింది గనక వ్యవసాయం చదివాను, అంతే. మట్టిలోని సూక్ష్మజీవుల మీద మోజు మాత్రం నిజంగానే పుట్టింది. మైక్రోస్కోపులో వాటిని మొదటిసారి చూసిన రోజు మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయాను. ఆ మోజుతోనే విజయనగరంలో జీవన ఎరువుల ల్యాబ్‌లో చేరాను.

వేరుశెనగ మొక్కని మట్టితో సహా నెమ్మదిగా లేపి చూడండి. వేళ్లకి ఆవగింజలంత బుడిపెలు ఉంటాయి. వాటిలో కాపురం ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది. బుడిపెని గోటితో గిల్లితే లోపల ఎర్రగా ఉందంటే పని జరుగుతోందని అర్థం. తెల్లగా ఉంటే ఉత్తుత్తి బుడిపె. ల్యాబ్‌లో మేం ఆ బ్యాక్టీరియాని పెంచి, బొగ్గులాంటి నల్లపొడిలో కలిపి ప్యాకెట్లు కట్టేవాళ్లం. రైతు దాన్ని విత్తనానికి పట్టించి చల్లుకోవాలి.

మన గరువుల సంగతి మీకు తెలియాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నీటి ఆధారం లేని ఎర్ర మెట్టల్ని గరువులంటారు. ఒకప్పుడు చోళ్లు (రాగులు), ఉలవలు, గోగు, వేరుశెనగ మార్చి మార్చి వేసేవారు. వేసవిలో బళ్ల మీద పశువుల గత్తం తోలేవారు. పశువులు తగ్గాయి, గత్తం తగ్గింది. ఏటా అదే పంట, అదే బస్తా ఎరువు. పైమట్టి వానలకి వాగుల్లో, గెడ్డల్లో కలిసిపోయింది. ఇప్పుడు గునపం వేస్తే టంగుమంటుంది.

మీలో ఎవరైనా ప్యాకెట్‌తో ఆ నేల తిరిగొస్తుందని చెబితే నమ్మకండి, మీరూ ఎవరికీ చెప్పకండి. గత్తం పడాలి, జనుమో జీలుగో వేసి దున్నాలి, ఎండాకాలం నేల మీద ఏదో ఒక కప్పు ఉండాలి. అప్పుడు ఆ నల్లపొడిలోని జీవికి తిండీ నీడా దొరుకుతాయి. నాలుగైదేళ్లకి మట్టి చేతిలో పొడిపొడిగా విడుతుంది. ఇదంతా మా శాఖకి తెలుసు. అయినా మేం పంచింది ప్యాకెట్లే. ఎందుకంటే పంచినట్టు చూపించడం ప్యాకెట్లతోనే సులువు.

రేకుల గొడౌన్

నేను చేరిన కొత్తలో ప్యాకెట్లని రేకుల గొడౌన్‌లో పడేసేవారు. రోహిణి కార్తె ఎండలో ఆ గొడౌన్‌లోకి మనిషే వెళ్లలేడు. ఒకరోజు నాలుగు ప్యాకెట్లు తెచ్చి ల్యాబ్‌లో పరీక్షించాను. ప్లేట్లలో ఏమీ మొలవలేదు. అంతా చచ్చింది. మేం రైతులకి ఉత్త బొగ్గుపొడి పంచుతున్నాం.

దీని మీద రెండేళ్లు పోట్లాడాను. మా పెద్దసారు, అంటే మా ఆఫీసుకి అధిపతి, చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, మాట తియ్యన. ఆయనకి ఉన్న ఒకే జబ్బు ఫోటోలు. ఏ పని చేసినా ఫోటో రావాలి, వచ్చిన ఫోటో పేపర్లో పడాలి. నేను రోజూ ఆయన గది ముందు నిలబడి విసిగించగా విసిగించగా చివరికి చల్లటి గది ఇచ్చారు. అప్పట్నుంచి మా ల్యాబ్ నుంచి వెళ్లిన ప్రతి ప్యాకెట్ బతికి వెళ్లింది. ఆ గర్వం నాకు బాగా తలకెక్కింది. ప్యాకెట్ గుమ్మం దాటాక దాని గతేమిటో చూడాల్సిన అవసరం లేదనుకునేంత తలకెక్కింది.

తవిటమ్మ

మెట్ట నేలల్ని బాగుచేసే మూడేళ్ల పథకం ఒకటి వచ్చింది. పాతపట్నం వైపు ఒక ఊళ్లో ప్రదర్శన క్షేత్రం పెట్టాలన్నారు. అక్కడ తవిటమ్మ అనే ఆవిడ మూడెకరాల గరువు దొరికింది.

తవిటమ్మకి అప్పటికి నలభై దాటి ఉంటాయి. భర్త పోయాడు. పొలం ఉమ్మడిది, పెత్తనం భర్త అన్నగారు జగ్గునాయుడుది. ఆ ఇళ్లలో తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుట నోరు విప్పదు. ఏదైనా కావాలంటే తోడికోడలి చేత అడిగించాలి. జగ్గునాయుడు ఆ చేనులో నీలగిరి వేసేద్దామని చూస్తున్నాడు. కర్ర కొనేవాళ్లు ఇంటికే వస్తారు, కాపలా అక్కర్లేదు, కూలీ అక్కర్లేదు. ఒకసారి నీలగిరి పడిందంటే ఆ చేనులో మళ్లీ చోడిగింజ మొలవడం ఆవిడ బతికుండగా జరగదు. తవిటమ్మ తోడికోడలి కాళ్లావేళ్లా పడి మా పథకంలోకి చేను ఇప్పించుకుంది.

ఆ ఊరి సంగతి ఇంకొకటి చెప్పాలి. తొలకరికి ఎవరి చేలోనైనా తొలి గుప్పెడు విత్తనం తవిటమ్మ చేత వేయించేవారు. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. భర్త పోయాక ఆవిణ్ని పెళ్లిపేరంటాలకి పిలవడం మానేశారు గాని, విత్తుకి పిలవడం మానలేదు. నేను చూసిన ఊళ్లలో ఇలాంటిది మరెక్కడా లేదు. ఆషాఢంలో రోజుకి ఇద్దరు ముగ్గురు వచ్చి, అక్క వరసలో "అప్పా, బేగి రా, తడి ఆరిపోతాది" అని తీసుకెళ్లేవారు.

మొదటిసారి ప్యాకెట్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి బాబూ ఇది, మసి నాగున్నాది?"

"మసి కాదమ్మా. లోపల ప్రాణం ఉంది."

"పేనమా? దీన్లోనా?" చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "సప్పుడు సెయ్యదేటి మరి?"

అందరం నవ్వాం. జగ్గునాయుడు కూడా నవ్వాడు. నవ్వి, నన్ను పక్కకి పిలిచి తన మాట తను చెప్పాడు.

"మూడు పంటలు సూత్తాను బాబూ. నాకేటి దాని మీద పగా? పండితే అదే తింటాది. పండకపోతే నీలగిరి ఎట్టించీస్తాను. అప్పుడు నువ్వు మద్దిన అడ్డం రాకూడదు."

సరేనన్నాను. మూడేళ్లు చాలనుకున్నాను. చెప్పానుగా, గర్వం.

ఫోటోకి చోటు

విత్తనానికి నల్లపొడి అంటుకోవాలంటే జిగురు కావాలి. అందుకు బెల్లం నీళ్లు వాడతాం. బెల్లం నీళ్లలో వేసి మరిగించాలి, పూర్తిగా చల్లారనివ్వాలి, తర్వాత పొడి కలిపి విత్తనాలకి పట్టించి నీడలో ఆరబెట్టాలి. రైతుల కోసం ఈ పద్ధతంతా ఒక కరపత్రంగా నేనే రాశాను.

అచ్చుకి వెళ్లేముందు ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. పైన పెద్దసారి ఫోటో, చేతిలో వేరుశెనగ మొక్క. ఫోటో పెద్దది కావడంతో కింద చోటు చాల్లేదట. ప్రెస్సువాడు నా రాతలో అక్కడో వాక్యం ఇక్కడో వాక్యం తీసేశాడు. తీసేసిన వాటిలో "పూర్తిగా చల్లారనివ్వాలి" అన్నది ఒకటి.

నేను చూడలేదని మీరనుకోవద్దు. చూశాను. టీ గ్లాసు ఎడమ చేతిలో ఉంది, కుడి చేతిలో పెన్ను ఉంది. ప్రెస్సుకి ఫోన్ చేస్తే ఫోటో తగ్గించమనాలి. ఫోటో తగ్గించాలంటే పెద్దసారికి చెప్పాలి. బతికున్న దాన్ని వేడి నీళ్లలో ఎవరు పోస్తారు, అంత మాత్రం అందరికీ తెలియదా అనుకున్నాను. సంతకం పెట్టేశాను. టీ కూడా అయిపోలేదు.

మన వైపు ఆడవాళ్లకి పాకం గురించి ఏం తెలుసో నేనప్పుడు ఆలోచించలేదు. అరిసెలు చేసే ఏ ఇల్లాలినైనా అడగండి. పాకం వేడి మీద ఉండగానే పిండి పోయాలి. చల్లారాక పోస్తే ఉండలు కడుతుంది, పిండి దండగ. పదేళ్ల వయసు నుంచి తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్న సంగతి అది. అలాంటివాళ్లకి బెల్లం మరిగించి పొడి కలపమని కాగితం ఇస్తే ఏం చేస్తారు? మనం చెప్పకుండా వదిలేసిన చోట జనం తమకి తెలిసింది చేస్తారు. అందులో వాళ్ల తప్పు ఆవగింజంత లేదు.

డైరీలో రాసిన కారణాలు

మొదటి ఏడు తవిటమ్మ చేనులో వేరుశెనగ మొలక పలచగా వచ్చింది. నెల దాటాక వెళ్లి పది మొక్కలు లేపి చూశాను. బుడిపెలు తక్కువ, గిల్లితే తెల్లగా ఉన్నాయి. "తేమ చాలలేదు" అని డైరీలో రాసుకున్నాను. రెండో ఏడు వానలు బాగానే పడ్డాయి. బుడిపెలు అలాగే ఉన్నాయి. "నేలలో సేంద్రియ పదార్థం తక్కువ" అని రాసుకున్నాను. చదువుకున్నవాడికి కారణాలకి కరువా?

తవిటమ్మ మాత్రం చెప్పినవన్నీ చేసింది. తట్టలతో గత్తం మోసింది. వేసవిలో ఉలవ చల్లి, పూతకొచ్చాక దున్నించింది. గట్లు పోయించింది. ఎదురింటి పిల్ల చేత కరపత్రం చదివించుకుని, ఏది ముందు ఏది వెనక అన్నది వేళ్ల మీద అప్పజెప్పేది. ఇంత చేసిన మనిషి చేను పక్క చేనుకంటే పలచగా ఉంటే నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. ఎందుకంటే విత్తిన రోజు నేనొక్కసారి కూడా అక్కడ లేను. మొలిచాక జీపులో వెళ్లేవాణ్ని, కాపు దశలో ఫోటోలకి వెళ్లేవాణ్ని. విత్తడం తెల్లవారుజామున వాన చూసుకుని జరిగే పని. దానికి టూర్ ప్రోగ్రాం ఉండదు.

మీరేం మానేసినా మానండి గాని, విత్తే రోజు చేలో ఉండండి. జీపు లేకపోతే బస్సులో వెళ్లండి.

పాకం

మూడో ఏడు నేను అక్కడ ఉండటం నా గొప్ప కాదు. పాతపట్నంలో మీటింగు పెట్టి మళ్లీ మర్నాటికి వాయిదా వేశారు. పొద్దున్నే వాన వెలిసింది. ఏం తోచక బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను.

తవిటమ్మ వాకిట్లో పొయ్యి మీద గిన్నె ఉంది. బెల్లం వాసన వీధి మొదటికే వచ్చింది. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆవిడ చివరి ప్యాకెట్ చింపి, తుకతుక ఉడుకుతున్న పాకంలో నల్లపొడి పోసి తెడ్డుతో తిప్పుతోంది. ఉండ కట్టకుండా, మాడకుండా, ఎంతో జాగ్రత్తగా తిప్పుతోంది.

"రా బాబూ, మంచేలకొచ్చినావు" అంది. "ఇదిగో, కూతంత ఆరినాక గింజలకి పట్టించీడమే. సెయ్యి కాలకూడదు గదా."

గింజకి వేడి తగలకూడదని ఆవిడకి తెలుసు. పొడికి తగలకూడదని ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు. నేను రెండేళ్లు పోట్లాడి చల్లటి గదిలో దాచి బతికించి పంపినదాన్ని, నా కాగితమే మూడేళ్లుగా ఈ గిన్నెలో ఉడకబెట్టిస్తోంది. ఈ ఒక్క వాకిట్లోనే కాదు, ఆ కాగితం ఎన్ని ఊళ్లకి వెళ్లిందో అన్ని ఊళ్లలో.

"చల్లారాక కలపాలమ్మా పొడి" అన్నాను.

తెడ్డు ఆపింది. "కాయితంలో రాసినట్టే సేసినాను గదా బాబూ. పారమ్మ కూతురు సదివింది. మరిగించి కలపమన్నాదే."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కాగితంలో అన్నీ రాయరమ్మా" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. గిన్నెలోకి చూస్తూ, "నాకే బుర్ర నేదు" అంది. నేను కాదనలేదు. కొత్త ప్యాకెట్లు తేవాలంటే విజయనగరం వెళ్లి రావాలి. ఈలోగా తడి ఆరిపోతుంది. ఆ విత్తనమే వేశారు.

మర్నాడు మీటింగు కాగానే తిరిగొచ్చి పెద్దసారి దగ్గరకెళ్లాను. సవరణ కాగితం ఒకటి అచ్చువేసి ఊళ్లన్నిటికీ పంపుదామన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇన్నాళ్లూ తప్పు చెప్పామని మనమే చాటింపు వేసుకోవాలా? ప్రూఫు మీద సంతకం మీదే కదండీ. వచ్చే ప్రింటింగులో చేరుద్దాం, సైలెంట్‌గా."

చేర్చారు. సైలెంట్‌గానే చేర్చారు. నేనూ సైలెంట్‌గా ఉన్నాను. అందులో ఆయనది సగం, నాది సగం అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఆయనకి తవిటమ్మ ఎవరో కూడా తెలియదు.

కళ్లంలో

మూడో పంట తీసిన రోజు జగ్గునాయుడు కబురు పెట్టాడు. వెళ్లేసరికి కళ్లంలో వేరుశెనగ మొక్కలు పోగు వేసి ఉన్నాయి, ఆడవాళ్లు కాయ కోస్తున్నారు. ఊరి పెద్దలు నలుగురైదుగురు కూర్చున్నారు. పోగు ఎంత చిన్నదో అందరికీ కనిపిస్తూనే ఉంది. తవిటమ్మ వెనక తోడికోడలి పక్కన నిలబడి ఉంది, తల మీద కొంగు.

జగ్గునాయుడు గొంతు పెంచలేదు. "బాబూ, నువ్వు సదువుకున్నోడివి. ఒక్క మాట సెప్పు. మీ మందు మంచిదేనా?"

మందు మంచిదే, మా కాగితం తప్పు అనాలి. ఆరు మాటలు కూడా కావు. అవి అంటే ఆవిడకి ఇంకో పంట గడువు అడగడానికి దారి దొరికేది. జగ్గునాయుడు న్యాయం తెలిసిన మనిషి, ఇచ్చేవాడే అనుకుంటాను. తవిటమ్మ కొంగు కింద నుంచి నా వైపు చూస్తోంది. ఆవిడ నోరు విప్పకూడదు. విప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

"మందు మంచిదే. కలపడంలో తేడా వచ్చింది" అన్నాను.

చూడండి, ఎంత చక్కటి వాక్యమో. ఒక్క అబద్ధం లేదు. ఆఫీసు ఫైళ్లలో ఇలాంటి వాక్యాలు రాయడం ముప్ఫై రెండేళ్లు నేర్చుకున్నాను, మీకూ నేర్పుతారు. కలిపింది ఎవరో అందరికీ తెలుసు. కూర్చున్నవాళ్లందరూ తలలు తిప్పి ఆవిణ్నే చూశారు. ఒక ముసలాయన, "సెయ్యి మారిపోనాది దానిది. మూడేళ్లుగా సూత్తన్నాం గదా, దాని సేతి మొలకే పలచన" అన్నాడు. ఎవరూ కాదనలేదు. తవిటమ్మ కూర్చుని మళ్లీ కాయ కోయడం మొదలుపెట్టింది.

చల్లారిన పాకంలో కలిపి ఉంటే ఆ నేల బాగుపడేదా అని మీరడగొచ్చు. చెప్పలేను. మూడేళ్లు తక్కువే. కొద్దిగా మెరుగయ్యేదేమో. నాకు ఖచ్చితంగా తెలిసింది ఒక్కటే, ఆవిడ చేతిలో ఏ లోపమూ లేదు. అది తెలిసిన మనిషి ఆ కళ్లం మొత్తానికి నేనొక్కణ్నే.

ఆ వేసవిలో నీలగిరి వేశారు. మరుసటి తొలకరికి తవిటమ్మని విత్తుకి ఎవరూ పిలవలేదని, ఆ వైపు పనిచేసే మా ఉద్యోగి ఒకరు మాటల్లో చెప్పారు. తర్వాత నాకు బదిలీ అయింది. అది అడిగి చేయించుకున్న బదిలీ.

వెళ్లాను

శిక్షణ తరగతిలో చప్పట్లు కొట్టించుకుని వచ్చిన వారానికి, పాతపట్నం బస్సెక్కాను.

తవిటమ్మ ముసలిదైపోయింది. అరుగు మీద చాటలో ఉలవలు బాగు చేసుకుంటోంది. జగ్గునాయుడు పోయి అయిదేళ్లయిందట. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక మంచినీళ్లిచ్చి, "కూకో" అంది.

కూర్చుని చెప్పాను. బస్సులో నాలుగుసార్లు మనసులో అనుకున్న మాటలే, అయినా తడబడ్డాను. ఆవిడ చాట పక్కన పెట్టి వింది.

"ఆ కాయితం రాసింది ఎవులు?"

"నేనే."

"సల్లారినాక కలపమని రాయనేదేటి?"

"రాశాను. అచ్చులో తీసేశారు. ఫోటోకి చోటు చాలక. తీసేశారని నేను చూశాను. చూసి సంతకం పెట్టాను."

"ఎవులి పోటో?"

"మా పెద్దసారిది."

పక్కనున్న చాటని ఇంకాస్త అవతలకి జరిపింది. తర్వాత, "మా బావ అడిగినప్పుడు సెప్పనేదేటి మరి?" అంది.

"భయమేసింది."

"నీకేటి బయం? నీ ఉద్దోగం నీకుంది. నాకుండాల బయం." రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. "ఎన్నేళ్లు బాబూ. తొలకరొస్తే ఇంట్లో కూకుని ఈ సేతులు సూసుకునీదాన్ని. ఏటైపోనాది ఈటికి, ఏ పాపం ముట్టుకున్నాను అని. ఒకరోజు పసుపు రాసి కడుక్కున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. "క్షమించమ్మా" అన్నాను.

"నాకు సెప్పీసి ఎలిపోదామనొచ్చినావా?"

నిజం అదే.

"నాకు సెప్తే ఏటి లాబం? నాది సెడ్డసెయ్యని నానెప్పుడన్నాను? అన్నోలు ఈ ఊరోలు." అరుగు దిగి చెప్పులు వేసుకుంది. "లెగు."

ఎదురింటికి తీసుకెళ్లింది. "పారమ్మా, ఇలగ రా. ఈ బాబు ఒక మాట సెప్తాడు." పారమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వెనక ఇద్దరు కోడళ్లు వచ్చారు. నేను కరపత్రం, ప్రెస్సు, ఫోటో అంటూ మొదలుపెట్టాను.

"పోటో కత ఒద్దు" అంది తవిటమ్మ. "తప్పు ఎవులిదో అది సెప్పు."

"తప్పు నాది. ఆవిడది కాదు" అన్నాను.

తర్వాతి ఇంట్లో నడివయసు మనిషి బైకు తుడుస్తున్నాడు. ఆ రోజు కళ్లంలో చెయ్యి మారిపోయిందన్న ముసలాయన కొడుకట. అతనికీ చెప్పాను. "పాత మాటలు ఇప్పుడెందుకే అప్పా" అన్నాడు అతను. "నీకొద్దురా, నాకు కావాల" అని తవిటమ్మ నా వైపు తిరిగి, "మళ్లీ సెప్పు బాబూ, ఈడి పెళ్లానికి ఇనబడనేదు" అంది. లోపలి నుంచి వచ్చిన అతని భార్యకి మళ్లీ చెప్పాను.

అలా వీధి చివరికొచ్చాం. ఎండ నెత్తి మీదకొచ్చింది. ఏ ఇంట్లోనూ ఎవరూ నన్ను తిట్టలేదు, ఆవిణ్ని పొగడలేదు. విన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చాలనుకున్నాను. మూడింటికి బస్సుందని, అది పోతే మళ్లీ సాయంత్రమేనని చెప్పాను.

తవిటమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకా పైవీది ఉన్నాది. పద."